మైపాడులో ఏ వైపమ్మా మీది?

“మైపాడా? కార్తీక మాసంలో సముద్ర స్నానానికి మేమంతా ఆడికే గదా వచ్చేది! మైపాడులో ఏ వైపమ్మా మీది?”

నెల్లూరులో బాడుగ ఇల్లు చూడబోయిన మా మేనకోడల్ని ఆ ఇంటి ఓనరమ్మ అడిగిన మాట ఇది. ఎంత తియ్యగా అడిగిందో చూడండి. కులం అడగలేదు, దిక్కు అడిగింది. మన సముద్రపొడ్డున పుట్టినోళ్ళకి ఆ దిక్కు సంగతి తెలియంది కాదు. ఊళ్ళో అంటే ఒక జవాబు. పట్టపుపాళెం అంటే ఇంకో జవాబు. వాడ అన్నామంటే రెండో ప్రశ్న అక్కర్లేదు. యానాదుల కాలనీ అంటే గేటు గడియ కూడా తియ్యరు. మన ఊళ్ళ మ్యాపు మనువు గీసిన మ్యాపు. ఊరు విడిచి పట్నం పోయినా ఆ మ్యాపును జేబులో మడిచి పెట్టుకునే తిరుగుతున్నారు ఇళ్ళున్నవాళ్ళు.

మా పాప ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి తెల్లారి బస్సుకు మైపాడు రావడం, సాయంత్రం మళ్ళీ పోవడం కష్టమయ్యి, అమ్మను తోడు తీసుకుని నెల్లూరులోనే ఉందామనుకుంది. ఎనిమిది ఇళ్ళు తిరిగింది. ఒకచోట “నీసు తింటారా?” అన్నారు. ఒకచోట “పెళ్ళి కాని ఆడపిల్లకి ఇయ్యం” అన్నారు. ఒకచోట “ఇప్పుడే మా చుట్టాలకి మాటిచ్చేశాం” అన్నారు. ఆ చుట్టాలు నెలయినా దిగలేదు, బోర్డు దిగలేదు. తొమ్మిదో ఇంట్లో పని జరిగినట్టే అయింది. ఆదివారం సాయంత్రం ఇల్లు చూపించారు, బాడుగ మాట్లాడారు, ఫోన్‌లో 5,000 అడ్వాన్సు వేయించుకున్నారు. డబ్బు పడ్డాక తీరిగ్గా వచ్చింది ఆ దిక్కు ప్రశ్న. పాప దాచలేదు. “వాడలో అక్కా” అంది. సోమవారం పొద్దున ఏడింటికి 5,000 వెనక్కి వచ్చింది. దాంతోబాటు ఒక మెసేజి: “మా అత్తగారికి బాగాలేదు, ఇల్లు ఇప్పుడు ఇయ్యడం లేదు.”

రాత్రి మంచిగా ఉన్న అత్తగారికి ‘వాడ’ అనే మాట వినగానే జబ్బు చేసింది!

పేపర్లలో అప్పుడప్పుడు వేస్తుంటారు, బాడుగకు ఉండబోయేవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతులని. కుళాయి తిప్పి చూడండి, కరెంటు మీటరు రీడింగు రాసుకోండి, బండి పెట్టుకునే జాగా అడగండి, అని. మంచిదే. అయితే అవన్నీ గేటు దాటి లోపలికి పోగలిగినోళ్ళకి రాసినవి. మనకు మొదటి గండం గేటు దగ్గరే ఉంది. దాన్ని గురించి ఏ పేపరూ రాయదు. అందుకని మన బాడుగోళ్ళు తెలుసుకోవాల్సింది మనమే రాసుకోవాలి.

ముందు మనవాళ్ళు ఇచ్చే సలహా సంగతి తేల్చుకుందాం. ఎనిమిది ఇళ్ళు కాదన్నాక మా వాడలో పెద్దమనుషులు పాపకి ఏం చెప్పారు? “ఎందుకమ్మా వాడ అని చెప్పేది? నాయుళ్ళమని చెప్పు. లేదంటే క్రిస్టియన్లమని చెప్పు, వాళ్ళు మెల్లగా ఊరుకుంటారు. ఇంటి ముందు తులసి కోట పెట్టుకో, ఎవరికి తెలుస్తుంది?” చెప్పినోళ్ళు చెడ్డోళ్ళు కాదు. ఈ సలహాతోనే నెల్లూరులో, తిరుపతిలో, హైదరాబాదులో వేల కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. ఎస్సీ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్న మనవాళ్ళు ఎంతమంది ఇంట్లో అంబేద్కర్ పటాన్ని బీరువా లోపలి తలుపుకు అంటించుకుని బతుకుతున్నారో మీకు తెలుసు. ఊరి నుంచి అమ్మ వస్తే “గట్టిగా మాట్లాడొద్దమ్మా, మన మాట తీరు పట్టేస్తారు” అని నోరు నొక్కుకునే కొడుకులు నాకు తెలుసు. మేనమామ కూతురి పెళ్ళి పత్రికను పక్కింటి వాళ్ళ కంటబడకుండా చించేసే కోడళ్ళు ఉన్నారు. ఇల్లు దొరికిందనుకుంటాం. అమ్మను, నాయనను, సొంత గొంతును బయటపెట్టి ఆ ఇంట్లోకి దూరాం.

ఈ సలహా ఎంతవరకు పనిచేస్తుందో బాబాసాహెబ్ తన ఒంటి మీదే చూసుకున్నాడు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదువుకుని, 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయాడు. ఊళ్ళో హిందూ హోటలు ఏదీ ఆయన్ని చేర్చుకోదు. ఒక పార్శీ సత్రం దొరికింది. అది పార్శీలకు మాత్రమే. అక్కడున్న మనిషితో ఒప్పందం చేసుకుని, పార్శీ పేరు రాయించుకుని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి పైగదిలో ఉన్నాడు. మనుషులు లేరు, దీపం సరిగా లేదు, గబ్బిలాలు తిరిగే గది. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే డజను మంది పార్శీలు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఆయన ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు. హిందూ స్నేహితుడు “నువ్వొస్తే నా నౌకర్లు వెళ్ళిపోతారు” అన్నాడు. క్రైస్తవంలో కలిసిన ఇంకో స్నేహితుడు “నా భార్య రేపు వస్తుంది, ఆమెను అడగాలి” అన్నాడు. అంత చదువు చదివిన మనిషి రైలు వచ్చేదాకా ఐదు గంటలు పార్కులో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు.

ఆ పదకొండో రోజు మనకూ ఉంటుంది. ఒక్కోరికి పదకొండు నెలలకొస్తుంది, ఒక్కోరికి ఏడేళ్ళకొస్తుంది. రేషను కార్డు చూసో, పిల్లోడి కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంటు కాగితం చూసో, ఊరినుంచి వచ్చిన పాలేరు నోట విన్నో కనిపెడతారు. ఆ రోజున మన చేతిలో ఏముంటుంది? అబద్ధం చెప్పి చేరాడు, మోసం చేశాడు అని వాళ్ళే నోరు చేసుకుంటారు. నేరం చేసినోడు నిలబడి మాట్లాడతాడు, మనం తలొంచుకుని సామాను సర్దుకుంటాం.

“క్రిస్టియన్లమని చెప్పు” అనే సలహాలో ఇంకో ముల్లుంది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టు మిషను నూరేళ్ళకు పైగా పనిచేసింది. మన ఇళ్ళల్లో సగం పేర్లు బైబిలు పేర్లే. దేవుణ్ణి ఎవరు ఎట్లా కొలుచుకున్నా అది వాళ్ళ ఇష్టం. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. 2025లో మన రాష్ట్ర హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును, క్రైస్తవంలోకి పోయినవాడికి ఆ చట్టం వర్తించదంటూ కొట్టేసింది. ఆ తీర్పు న్యాయమా అన్యాయమా అనేది వేరే రాయాల్సిన సంగతి. నా మటుకు అది అన్యాయం, ఎందుకంటే చర్చిలో కూడా మన బెంచీ మనకు వేరుగానే ఉంది. కానీ గేటు దగ్గర ఇల్లు కోసం ఆడిన ఒక్క మాట రేపు కోర్టులో మన మీదికే తిరగబడుతుందని గుర్తుపెట్టుకోండి. పైగా “క్రిస్టియన్లమండీ” అంటే ఆ ఓనరుకు అర్థం కాదనుకున్నారా? మనకంటే ముందు ఆయనకే అర్థమవుతుంది.

ఇక ఇళ్ళవాళ్ళ మాట. “నా ఇల్లు, నా ఇష్టం. నాకు నచ్చినోళ్ళకి ఇచ్చుకుంటా, మధ్యలో నువ్వెవరు?” వినడానికి సబబుగానే ఉంటుంది. మనవాళ్ళు కూడా చాలామంది ఇక్కడే మెత్తబడిపోతారు. “ఆయన సొంత ఇల్లు గదన్నా, ఏం చేస్తాం” అంటారు.

నువ్వు, నీ పెళ్ళాం, నీ పిల్లలు ఉండే గదిలోకి నన్ను రానియ్యకపోతే అది నీ బుద్ధి, దాన్ని మార్చే చట్టం లేదు. కానీ నువ్వు గేటుకు ‘టు-లెట్’ అని బోర్డు కట్టావు. ఫోన్ నంబరు రాశావు. రోడ్డున పోయే ప్రతివాణ్ణీ లోపలికొచ్చి చూసుకోమన్నావు. ధర చెప్పావు. అంటే అంగడి తెరిచావు. అంగట్లో కూర్చుని ఈ కులానికి అమ్ముతా ఆ కులానికి అమ్మననడానికి వీల్లేదని రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం చెప్తోంది. దాంట్లో ‘దుకాణాలు, హోటళ్ళు’ అని ఉంది గానీ ‘బాడుగ ఇళ్ళు’ అని లేదే అంటారు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ దుకాణం అనే మాట మీదే చర్చ వచ్చింది. అంబేద్కర్ జవాబు చెప్తూ, ఇక్కడ దుకాణమంటే మెట్లెక్కనియ్యడం ఒక్కటే కాదు, షరతులకు ఒప్పుకున్న మనిషికి ఆ సేవ ఇచ్చితీరడం అనే పెద్ద అర్థంలో వాడాం అన్నాడు. 2011లో సుప్రీంకోర్టు ఒక మెడికల్ కాలేజీ కేసులో ఆ జవాబును బయటికి తీసి, ఆ మాటను విశాలంగానే చదవాలంది. అది ఇళ్ళ కేసు కాదు, నిజమే. అయినా బార్బరు షాపుకు వర్తించే నీతి బాడుగ ఇంటికి ఎందుకు వర్తించదో చెప్పమనండి.

అదంతా రాజ్యాంగం, పెద్ద కోర్టులు. దానికంటే దగ్గరగా ఒక చట్టం ఉంది, దాన్ని మన నాయకులే మర్చిపోయారు. 1955లో అంటరానితనం నేరాల చట్టంగా వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకున్న చట్టం. 1989 అట్రాసిటీ చట్టం వచ్చాక దీన్ని అటక మీద పడేశాం. దీని నాలుగో సెక్షన్ చదవండి. నీళ్ళు, దారి, శ్మశానం, సత్రం వరుసలో ఒక మాట ఉంది: ఏ ప్రాంతంలోనైనా సరే నివాసపు ఇల్లు కట్టుకోవడం, సంపాదించుకోవడం, దాంట్లో ఉండటం. ఈ విషయంలో అంటరానితనం పేరుతో అడ్డుపడితే నేరం. ఏడో సెక్షన్‌లో బహిష్కరణ అంటే ఏమిటో చెప్తూ ఇల్లు బాడుగకు ఇవ్వననడాన్ని కూడా దాంట్లో కలిపారు. హక్కు వాడుకున్నామన్న కసితో ఇల్లు ఇవ్వకపోయినా, ఉన్న ఇంట్లోంచి తరిమినా అది బహిష్కరణే. అన్నింటికంటే మనకు పనికొచ్చేది పన్నెండో సెక్షన్. నేరం ఎస్సీ మనిషి మీద జరిగితే, అది అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు ముందుగానే అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు అవతలివాడిది. “మా అత్తగారికి బాగాలేదు” అనే మాటను ఆ అత్తగారి డాక్టరు చీటీతో సహా ఆయనే చూపించుకోవాలి! ఈ నేరాలకు పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. అటువంటి నేరం మీద ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ రాయక తప్పదని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచీ తేల్చింది.

శిక్ష సంగతి అడుగుతారేమో. నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదొందల జరిమానా. ఐదొందలు! ఇప్పుడు నెల్లూరులో ఆ డబ్బుకు బండి పెట్టుకునే షెడ్డు కూడా నెలకు ఇవ్వరు. 1976లో రాసిన అంకెను ఇప్పటిదాకా ముట్టుకున్నవాడు లేడు. 2021లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు ఒక నమూనా అద్దె చట్టం పంపింది. ఇంటికి రెండు నెలల బాడుగకు మించి డిపాజిట్ తీసుకోరాదని రాశారు, నీళ్ళు కరెంటు కోయరాదని రాశారు. కులం అడగరాదని మాత్రం ఒక్క వాక్యం రాయలేదు. మన రాష్ట్రం అంతకు ముందే, 1960 నాటి పాత అద్దె చట్టాన్ని పక్కనబెట్టి 2017లో కొత్తది చేసుకుంది. అప్పుడు మన ఓట్లతో గెలిచిన రిజర్వుడు ఎమ్మెల్యేలు అసెంబ్లీలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళకు క్వార్టర్లు ఉన్నాయి గదా, బాడుగ ఇంటి గేటు సంగతి ఎందుకు గుర్తుంటుంది!

కోర్టులన్నీ మనవైపే ఉన్నాయని కూడా చెప్పను. 2005లో గుజరాత్‌లో ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ, తమ మతం వాళ్ళకే సభ్యత్వమని పెట్టుకున్న నియమాన్ని సుప్రీంకోర్టు సరేనంది. పట్నాల్లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఇప్పుడు ఆ దారినే పోతున్నాయి. ఓనరు “నాకేం లేదు బాబూ, అసోసియేషన్ ఒప్పుకోదు” అంటాడు. అసోసియేషన్ “మాకేం లేదు, ఇక్కడందరూ శాకాహారులు” అంటుంది. నెల్లూరులో శాకాహారం! హైదరాబాదు దాకా హోటలు బోర్డుల మీద రాసుకునేది నెల్లూరు చేపల పులుసు అనే గదా? ఆ చేప యాడిది? మన ఒడ్డున వలలాగి, మన ఆడోళ్ళు గంప నెత్తిన పెట్టుకుని ఎండలో మోసిన చేప. అది పై అంతస్తులో వండితే నెల్లూరు రుచి, మన పిల్ల వండితే నీసు కంపు. అదే అపార్ట్‌మెంటు సెల్లారు చూడండి. జనరేటరు పక్కన రేకుల గదిలో కాపలా ఉండేది యానాది కుటుంబమో మన కుటుంబమో. కింద ఉండొచ్చు, మూడో అంతస్తులో ఉండకూడదు. కులం గాల్లో తేలేది కాదు, దానికి లిఫ్టు బటన్లు కూడా ఉన్నాయి.

గేటు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. కులం పేరు పెట్టి తిడితే అట్రాసిటీ చట్టం కింద నేరమని అందరికీ తెలుసు. కానీ ఆ తిట్టు ‘పదిమంది కంటబడే చోట’ జరగాలని చట్టంలో ఉంది. 2020లో ఉత్తరాఖండ్ కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు, నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాట దీని కిందికి రాదంది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో అదే కోర్టు, ఇంటి గేటు దగ్గర అంటే అది తప్పకుండా పదిమంది కంటబడే చోటేనంది. కాబట్టి ఇల్లు అడగబోయేటప్పుడు “లోపలికొచ్చి కూర్చో, మాట్లాడుకుందాం” అంటే మర్యాదకు పొంగిపోకండి. పేరు, ఊరు, వాడ, కులం అన్నీ గేటు దగ్గరే చెప్పండి. మనమే ముందుగా చెప్పండి. “మాది మైపాడు వాడ, మేం మాలోళ్ళం, మాదిగోళ్ళం, ఇల్లు ఖాళీగా ఉందా?” అని. మన నోటితో మనం చెప్పుకున్నది తిట్టు కాదు. దాని తర్వాత ఆయన నోట ఏమొస్తుందో అదీ లెక్క.

ఒక్కరే పోకండి, జతగా పొండి. ఇదే ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది. ఒకరు అడగాలి, ఒకరు వినాలి. కాదన్నారా, మర్నాడు అదే ఇంటికి అదే జీతం, అదే ఉద్యోగం చెప్పి వేరే కులపు స్నేహితుణ్ణి పంపండి. ఉందన్నారా, ఆ స్నేహితుడి చేత తేదీ, టైము, అన్న మాట కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. ఇది నేను పుట్టించిన ఉపాయం కాదు. అమెరికాలో 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. వారం తిరిగేసరికి, 11న, నల్లవాళ్ళకు ఇల్లు లేదనడం నేరమని చట్టం మీద సంతకం పడింది. అయినా ఓనర్లు “ఖాళీ లేదు” అని అబద్ధమాడటం మొదలుపెట్టారు. అప్పుడు నల్ల మనిషిని ఒకసారి, తెల్ల మనిషిని ఒకసారి పంపి అబద్ధాన్ని పట్టుకున్నారు. ఊరికే పరీక్షకు పోయినవాడు కూడా, అబద్ధం చెప్పించుకున్నందుకే దావా వెయ్యొచ్చని 1982లో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మన దేశంలో సుఖదేవ్ థోరట్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల ఇటువంటి పరీక్షే చేసి 2015లో అచ్చువేశారు. పేరు మారితే జవాబు మారింది. దళిత పేరుకు, ముస్లిం పేరుకు తలుపులు మూసుకున్నాయి. ఢిల్లీ ప్రొఫెసర్లు చేసిన పని మన సంఘం పిల్లలు మైపాడు గేటు సెంటర్ నుంచి ఆదివారం ఆదివారం చెయ్యలేరా? ఫోన్లో మాట్లాడితే రికార్డు చెయ్యండి. మెసేజిలు చెరపకండి, ఆ ఫోను అమ్మకండి.

“ఇవన్నీ చేస్తే ఇల్లు దొరుకుతుందా అన్నా?” అని మా పాప వయసు పిల్లలు అడుగుతారు. ఆ ఇల్లు దొరక్కపోవచ్చు. 1992లో ఇదే జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించినప్పుడు కూడా “మీ మొగుళ్ళు పక్క ఊళ్ళో తాగరా?” అని నవ్వినోళ్ళున్నారు. మరుసటి ఏడాది అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 

ఇల్లు దొరికినోళ్ళకి నాలుగు మాటలు, క్లుప్తంగా. నోటిమాట మీద చేరొద్దు, కాగితం రాసుకోండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. బాడుగ బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో కట్టండి, చేతికిస్తే రసీదు తీసుకోండి. రేపు కులం తెలిసిన రోజు “బాడుగ ఎగ్గొట్టాడు” అనే మాట మొదట వస్తుంది. నెలవారీ బాడుగకు, కాగితంలో వేరే గడువు రాసుకోకపోతే, ఖాళీ చెయ్యమనడానికి కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తోంది. నోటీసు ఇచ్చినంత మాత్రాన మెడపట్టి గెంటే హక్కు రాదు, దానికి కోర్టు ఉత్తర్వు కావాలి. మీరు డ్యూటీకి పోయినప్పుడు తాళం మార్చి సామాను రోడ్డు మీద వేస్తే, ఆరు నెలల్లోపల సివిల్ కోర్టుకు పోయి తిరిగి ప్రవేశం అడగొచ్చు, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద. ఆ ఇల్లు ఎవరి పేరున ఉందనేది ఆ దావాలో అడ్డు కాదు. లాయరుకు డబ్బెక్కడిది అనకండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 చట్టం చెప్తోంది. జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద రాసిస్తే చాలు.

ఇప్పుడొక చేదు మాట. పట్నంలో రెండు పోర్షన్ల ఇల్లు కట్టుకున్న మనవాళ్ళున్నారు. ఉద్యోగం చేసి, లోను తీసి, నోరు కట్టుకుని కట్టుకున్నారు, సంతోషమే. కింది పోర్షనుకు బోర్డు కట్టాక వాళ్ళేం అడుగుతున్నారు? మాల ఓనరు మాదిగ పిల్లోడికి ఇయ్యడు. మాదిగ ఓనరు యానాది ఇంటిదానికి ఇయ్యడు. ఇద్దరూ కలిసి “మనవాళ్ళయితే బాడుగ సరిగ్గా కట్టరు, రెడ్లో కమ్మోళ్ళో అయితే మర్యాదగా ఉంటుంది” అంటారు. నిన్న గేటు బయట నిలబడి ఏడ్చినవాడు ఈ రోజు గేటు లోపల నిలబడి ఆ మాటే అంటున్నాడు. పైన చెప్పిన చట్టం ఇతనికి వర్తించదని ఎవరూ చెప్పలేదు. సభల్లో వేదికెక్కి ‘ఐక్యత’ అని మాట్లాడేవాళ్ళను దిగినాక “మీ కింది పోర్షనులో ఎవరున్నారన్నా?” అని అడగండి. 

మన ఊళ్ళ సంగతి కూడా చూడండి. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాక ఎక్కడెక్కడి నుంచో దళిత పిల్లలు ఉద్యోగం మీద సముద్రపొడ్డు ఊళ్ళకి వచ్చారు. ఆఫీసులో వాళ్ళ సంతకం కావాలి, స్టాంపు కావాలి. సాయంత్రం ఆరయితే ఊళ్ళో ఒక్క గది దొరకదు. బీచికి వచ్చిన టూరిస్టు ఆధార్ కార్డు చూపించి రాత్రికి రూము తీసుకుంటాడు, ఏ వైపని అడిగేవాడు లేడు. ఊరి ఇళ్ళపట్టా కాగితం రాసే పిల్ల మటుకు బస్సెక్కి నెల్లూరు పోయి, పొద్దున్నే మళ్ళీ దిగుతుంది. మన వాడల్లో ఖాళీ గదులున్నవాళ్ళు ముందుకొచ్చి ఇస్తున్నారు, మేలు. కానీ ఊరి గేటు మూసి ఉన్న సంగతి దాంతో కప్పడిపోకూడదు.

మా పాప సంగతి చెప్పి ముగిస్తాను. 5,000 వాపసు వచ్చిన మెసేజీ, అంతకుముందు మాట్లాడుకున్న మెసేజీలు అచ్చు తీయించి, నేను, వాళ్ళమ్మ, సంఘం వాళ్ళు ఇద్దరం కలిసి స్టేషనుకు పోయాం. అక్కడి అధికారి చదివి, “డబ్బు పూర్తిగా తిరిగిచ్చాడు గదయ్యా, మీకేం నష్టం జరిగింది?” అన్నాడు. డబ్బు నష్టం జరిగితేనే కేసని 1955 చట్టంలో ఎక్కడుందో చూపించమన్నాం. ఆయన దగ్గర ఆ పుస్తకం లేదు. మా దగ్గర ఉంది, ఇచ్చాం. “రెండ్రోజులాగి రండి” అన్నాడు. ఆగలేదు. ఆ మధ్యాహ్నమే అర్జీ నకలు రిజిస్టరు పోస్టులో ఎస్పీ ఆఫీసుకు పంపాం, రసీదు దాచుకున్నాం. 2021 డిసెంబరులో పెట్టిన 14566 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించాం. పలకకపోతే మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు కేసు వెయ్యడానికి న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చాం.

ఆ ఇంటి గేటుకు టు-లెట్ బోర్డు ఇంకా వేలాడతానే ఉంది. పోయిన ఆదివారం నాతో చదువుకున్న బలిజ మిత్రుడు, అతని భార్య కలిసి పోయి అడిగారు. ఓనరమ్మ కాఫీ ఇచ్చి ఇల్లంతా తిప్పి చూపించిందట. అత్తగారు వరండాలో పూలు కడుతున్నారట. “ఒకటో తారీకు చేరండి, మంచివాళ్ళ కోసమే ఇన్నాళ్ళూ ఆపి పెట్టాం” అందట. ఆ మాటను మొగుడూ పెళ్ళాం తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, కింద ఇద్దరూ సంతకాలు చేసి ఇచ్చారు. సోమవారం పొద్దున దాన్ని అర్జీకి జతచేసి పంపాం.